వాన దేవుడిది, చెరువులో ఇల్లు ఎవరిది?

ప్రశ్న: మాది హైదరాబాదుకు దక్షిణాన ఉన్న ఒక కాలనీ. నాన్నగారు ఆర్టీసీలో పనిచేసేవారు. 1998లో అక్కడ 150 గజాల స్థలం కొని, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టారు. 2020 అక్టోబరు 13 రాత్రి మా ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్ళు వచ్చాయి. ఎదురింటి ఖాలా, ఆమె కొడుకులు తాడు విసిరి మమ్మల్ని వాళ్ళ డాబా మీదికి చేర్చారు. ఆ నెలాఖరులో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. రెండేళ్ళు మంచాన ఉండి కన్నుమూశారు. ఆయన బీపీ మాత్రలు నేనే చూసుకునేదాన్ని. మాత్రల డబ్బా బురదలో దొరికింది, పట్టీల మీద మందు పేరు కూడా చదవరాలేదు. ఆ హడావుడిలో నాలుగైదు రోజులు ఆయనకు మాత్రలు వేయలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ "ఏ జన్మలో ఏం చేసుకున్నామో, అంతా భగవంతుడి లీల" అంటుంది. ఇంటికి వాస్తు దోషం ఉందని ఎవరో చెబితే శాంతి హోమం చేయించాలని పట్టుబడుతోంది. తమ్ముడేమో "దేవుడూ లేడు, దయ్యమూ లేడు, చవకగా వస్తోందని నాన్న చెరువులో స్థలం కొన్నాడు, అనుభవించాడు" అంటాడు. ఇల్లు అమ్మేద్దామని, నీళ్ళ సంగతి కొనేవాళ్ళకు చెప్పనక్కరలేదని అతని వాదన. అమ్మా తమ్ముడూ మాట్లాడుకోవడం మానేశారు. మా కష్టానికి దేవుడు కారణమా, మేమే కారణమా? దయచేసి చెప్పండి.
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం:

అమ్మా,

మీరు ఉత్తరం చివర దేవుడి గురించి అడిగారు గాని, మధ్యలో రెండు వాక్యాల్లో చెప్పి దాటేసిన మాత్రల సంగతే ఇన్నేళ్ళుగా మిమ్మల్ని కుదురుగా ఉండనివ్వడం లేదని నాకు తోచింది. అందుచేత దేవుణ్ణి కాసేపు పక్కన ఉంచి ముందు ఆ మాత్రల లెక్క చూద్దాం.

రక్తపోటు మాత్రలు కొన్ని రోజులు ఆగితే రక్తపోటు పెరగవచ్చు, అదుపు తప్పిన రక్తపోటు పక్షవాతానికి దారితీయవచ్చు. మిమ్మల్ని ఓదార్చడం కోసం ఈ నిజాన్ని నేను దాచను. అయితే మీ నాన్నగారి విషయంలో ఆ నాలుగైదు రోజుల విరామమే జబ్బు తెచ్చిపెట్టిందని ఏ వైద్యుడూ రూఢిగా చెప్పలేడు. ఏళ్ళ తరబడి ఉన్న రక్తపోటు, పైబడిన వయసు, చీకట్లో ఛాతీ లోతు నీళ్ళలో నిలబడిన భయం, ఆ తరువాత పట్టని నిద్ర, ఉద్యోగమంతా కూడబెట్టిన సొమ్ముతో కట్టుకున్న ఇల్లు బురదలో కూరుకుపోవడం చూసిన దిగులు, ఇవన్నీ ఒకే నెలలో ఆ శరీరం మీద పడ్డాయి. వీటిలో ఏది ఎంత పని చేసిందో విడదీసి చూపించే సాధనం వైద్యశాస్త్రం దగ్గర లేదు. మీరు మాత్రం మిగిలినవన్నీ పక్కకు నెట్టి, మీ చేతిలో ఉన్న ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో పెద్దల మందులు చూసుకునే ఆడపిల్లలు చాలామంది ఇలాగే చేస్తారని ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చూస్తే తెలుస్తుంది. రోజూ చేసిన సేవ వారి లెక్కలోకి రాదు, తప్పిన నాలుగు రోజులే వస్తాయి.

ఒక కీడుకు దారితీసిన అనేక కారణాల్లో మనం కూడా ఒకరం కావచ్చు. అంతమాత్రాన మనం దోషులం కాము. జరగబోయేది తెలిసి ఉండాలి, ఆపే వీలు ఉండాలి, ఆపవలసిన బాధ్యత తనదై ఉండాలి, అయినా ఊరుకోవాలి. అప్పుడే ఆ దోషం ఒక మనిషి మీద నిలుస్తుంది. పేరు చెరిగిపోయిన మాత్రల పట్టీ చేతిలో పెట్టుకుని, వీధంతా నీళ్ళున్న రోజుల్లో, పొరుగింటి డాబా మీద అమ్మనూ నాన్ననూ కాచుకుంటూ కూర్చున్న మనిషికి ఇందులో ఏది వర్తిస్తుందో మీరే చెప్పండి. నాన్నగారికి వైద్యం చేసిన డాక్టరు అందుబాటులో ఉంటే ఒకసారి వెళ్ళి ఈ మాట నేరుగా అడగండి. ఆ తరువాత అమ్మకూ తమ్ముడికీ చెప్పండి. వారు కోప్పడతారేమోనని మీ భయం. అయినా ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు నేరారోపణలు మోసుకు తిరుగుతున్నప్పుడు, ఒకరైనా తమది బయటపెడితే మిగిలిన ఇద్దరికీ మాట్లాడే దారి దొరుకుతుంది.

ఇక వరద సంగతి. తెలిసి ఉండడం, వీలు, బాధ్యత అనే ఆ మూడు గీటురాళ్ళతోనే దీన్నీ చూద్దాం. ఆ రోజు వాన మామూలు వాన కాదు. బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో 19 సెంటీమీటర్లు దాటింది, నగరం తూర్పు అంచున ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల దాకా కురిసింది. అంత వాన ఏ మనిషి చేతిలోనూ లేదు, దాన్ని దేవుడిదనండి, బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండానిదనండి, నాకు అభ్యంతరం లేదు. కాని ఆ వాన నగరమంతటా పడింది. ఎత్తు మీద పడిన చోట రోడ్డు కడిగి పోయింది, చెరువులోకి పోవలసిన చోట చెరువు లేక ఇళ్ళలోకి వచ్చింది. ఆకాశం నుంచి పడేదాకా అది వాన, మీ గడప దాటే వేళకు అందులో చాలామంది సంతకాలు కలిసి ఉన్నాయి.

మీ నాన్నగారు స్థలం కొన్న కాలంలో నగరం చుట్టూ గ్రామ పంచాయతీ లేఅవుట్లు ఎలా పుట్టుకొచ్చాయో ఆ తరం వారికి తెలుసు. చెరువు శిఖంలో, అంటే చెరువు నీరు నిలిచే నేలలో, పట్టా ఉన్న రైతుకు నీరు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు ఉంటుందే తప్ప ఇళ్ళ స్థలాలుగా కోసి అమ్మే హక్కు ఉండదు. అయినా కోసేవారు, పంచాయతీ ముద్ర వేయించేవారు. స్థలాలు చూపించేది ఎండాకాలంలోనే. ఏప్రిల్‌లో ఎండి, తుమ్మ చెట్లు మొలిచి, మేకలు మేస్తున్న నేలను చూసి అది చెరువు గర్భమని బస్సు డ్యూటీ దిగి వచ్చిన మనిషి ఎలా పోల్చుకుంటాడు? రిజిస్ట్రేషను ఆఫీసు స్టాంపు రుసుము తీసుకుని కాగితం ఇచ్చింది. కరెంటు వారు మీటరు బిగించారు, నల్లా కనెక్షను వచ్చింది, ఏటేటా ఇంటి పన్ను రసీదు వచ్చింది. ఒక్కో కాగితం "ఇది నీ ఇల్లే, భయపడకు" అని ఆయనకు భరోసా ఇస్తూ పోయింది. ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరే గొలుసుకట్టులో మధ్య నాలా ఎక్కడ ఇరుకైందో, ఎవరు దాని మీద గోడ కట్టారో తెలుసుకునే పని జీతం తీసుకుంటున్న అధికారులది. తెలిసినవారు వారే, ఆపే వీలున్నవారు వారే, బాధ్యత కూడా వారిదే. వరద తరువాత ఇంటికి పదివేల రూపాయలు ప్రభుత్వం పంచింది. అది సాయం, కాదనను. కాని నాలా మూసిన వారెవరు, అనుమతి ఇచ్చిన వారెవరు అనే విచారణ ఆ పదివేలతోనే ముగిసిపోయినట్టయింది.

మీ నాన్నగారి వాటా ఏమీ లేదని కూడా నేను అనను. ఊళ్ళో ఒక ముసలాయనను కూర్చోబెట్టి అడిగి ఉంటే వానాకాలంలో ఇక్కడ నీరు ఎంతవరకు నిలుస్తుందో చెప్పి ఉండేవాడేమో. అడగలేదు. చవక అనే మాటా నిజమే కావచ్చు. కాని ఆర్టీసీ జీతంతో పిల్లలను చదివించుకుంటూ ఉండే మనిషికి చవకది కాక మరేది అందుబాటులో ఉంటుంది? మీ తమ్ముడు అత్యాశ అంటున్నది నా కంటికి అవసరంగానే కనిపిస్తోంది. అతని కోపం నాకు అర్థమవుతుంది. అయితే ఆ కోపం లేఅవుటు వేసిన వాడినీ సంతకం పెట్టిన వాడినీ వదిలేసి, తిరిగి జవాబు చెప్పలేని తండ్రి మీదికి పోవడం న్యాయం కాదు. దేవుడు లేడన్న మనిషి కూడా చివరికి "చేసుకున్నవాడికి చేసుకున్నంత" అనే కర్మ సిద్ధాంతానికే వచ్చి చేరాడు, గమనించారా? అమ్మ పూర్వజన్మ అంటోంది, కొడుకు 1998 అంటున్నాడు. తేడా తేదీలోనే ఉంది.

అమ్మగారి మాట దగ్గరికి వద్దాం. లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులూ ఇంత దుఃఖమూ ఉన్నప్పుడు దేవుడు పక్షపాతి అనీ నిర్దయుడనీ అనవలసి వస్తుంది కదా అనే ప్రశ్నను మన వేదాంతులు దాటవేయలేదు. బ్రహ్మసూత్రాల్లో రెండో అధ్యాయంలో "వైషమ్యనైర్ఘృణ్యే న సాపేక్షత్వాత్" అని దానికి జవాబు ఉంది, అంటే ఈశ్వరుడు జీవుల కర్మను అనుసరించే ఫలమిస్తాడు కనుక ఆయనకు పక్షపాతమూ నిర్దయా అంటవని. శంకరులు దానికి భాష్యం రాస్తూ ఈశ్వరుణ్ణి వానతో పోల్చారు. వరి మొలిచినా యవలు మొలిచినా వాన అన్నిటికీ సమానమైన కారణమే, ఏది ఏదిగా మొలవాలో నిర్ణయించేది విత్తనం, అలాగే జీవుల సుఖదుఃఖాల్లో తేడా వారి వారి కర్మను బట్టి వస్తుందని ఆయన వాదం. దేవుణ్ణి నిర్దోషిగా నిలబెట్టడానికి ఇది గట్టి వాదమే. నాకున్న ఇబ్బందల్లా, దేవుణ్ణి విడిపించిన ఆ క్షణంలోనే అది బాధితుణ్ణి పట్టి ఇస్తుంది. వేదాంతి దాన్ని సృష్టి మొత్తానికి లెక్కగా చెప్పాడు. మన బంధువులు దాన్ని పరామర్శకు వచ్చి, కాఫీ తాగుతూ, ఎదుటివారి ముఖం మీదే "ఏ జన్మలో పాపమో" అని వాడుకుంటున్నారు. తన కష్టాన్ని తాను ఓర్చుకోవడానికి కర్మ అనుకుంటే అది ఊతం అవుతుంది. ఇతరుల కష్టానికి ఆ మాట తగిలిస్తే అది తీర్పు అవుతుంది, ఆ తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఎంత మంచి ఉద్దేశంతో చెప్పినా ఈ ప్రమాదం తప్పదు. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చి వేలమంది చనిపోయినప్పుడు, అస్పృశ్యత అనే పాపానికి దేవుడు విధించిన శిక్షగా గాంధీజీ దాన్ని వర్ణించారు. అస్పృశ్యతను తానూ అంతే గట్టిగా వ్యతిరేకించిన రవీంద్రనాథ్ టాగూరు ఆ మాటను బహిరంగంగా ఖండించారు. ప్రకృతి ఉపద్రవాలకు భౌతిక కారణాలే ఉంటాయని, వాటికి నీతిని ముడిపెట్టకూడదని ఆయన అన్నారు. గాంధీజీ ఆ ఖండనను తన "హరిజన్" పత్రికలోనే అచ్చు వేసి, తన నమ్మకం తనదేనని బదులు రాశారు. ఇద్దరూ పెద్దవారే గాని ఈ విషయంలో నేను టాగూరు పక్షం. కూలిన గోడల కింద పడినవారిలో అస్పృశ్యత పాటించినవారెవరో దాన్ని భరించినవారెవరో ఆ భూకంపం ఎంచి చూడలేదు. మీ కాలనీలో నీళ్ళు కూడా అంతే. హోమాలు చేసే ఇంట్లోకీ వచ్చాయి, నమాజు చేసే ఇంట్లోకీ వచ్చాయి.

అలాగని అమ్మగారితో వాదనకు దిగకండి. ఆమె ఆ మాట మీ నాన్నగారిని నిందించడానికి అనడం లేదు. భర్త పోయిన దుఃఖానికి ఏదో ఒక అర్థం లేకపోతే ఆమెకు రోజు గడవదు. హోమం చేయించుకుంటానంటే, అప్పు చేయకుండా జరిగేటట్టయితే, చేయించండి. వాస్తు పేరు చెప్పి గోడలు పగలగొట్టించమంటే మాత్రం వద్దనండి. ఈశాన్యం మూసుకుపోయిందని చెప్పి ఉంటారు, సాధారణంగా అదే చెబుతారు. మీ కాలనీలో మూసుకుపోయింది నాలా, అది ఏ దిక్కున ఉన్నా దాన్ని తెరిపించవలసింది మున్సిపాలిటీ.

గీతలో పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్పారు. పని జరిగే ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఆ వరస నాకు ఎప్పుడూ ముఖ్యంగా కనిపిస్తుంది. మొదటి నాలుగూ చూసిన తరువాత మిగిలినదానికి దైవం అనే పేరు. మనం మొదటి నాలుగింటినీ లెక్కపెట్టకుండానే ఐదోదాని దగ్గరికి పరుగెత్తుతాం, ఎందుకంటే అక్కడ ఎవరినీ నిలదీయనక్కరలేదు, ఎవరితోనూ శత్రుత్వం రాదు. దేవుడి లీల అనగానే సర్వేయరు ఊపిరి పీల్చుకుంటాడు.

మన నగరానికి ఈ విషయంలో ఒక పాత అనుభవం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా పోయారని అంటారు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకు వెళ్ళి, శాంతించమని మూసీకి చీరా పసుపు కుంకుమలూ సమర్పించాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనను నేను పరిహసించను, ప్రజలు కొట్టుకుపోతున్న వేళ రాజు చేయగలిగింది అదే అయి ఉంటుంది. కాని ఆ ప్రభుత్వం అక్కడితో ఆగకుండా మరుసటి ఏడే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీస్తే, నగరానికి ఎగువన మూసీ పరివాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. మూసీ ఒక్కటే పొంగలేదు, కట్టలు వరసగా తెగి ఆ నీరంతా ఒక్కసారిగా నగరం మీద పడింది. ఆ లెక్క తీసిన తరువాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ వరద దేవుడి కోపమేనని ఊరుకుని ఉంటే ఈ రెండు జలాశయాలూ ఉండేవి కావు.

మరి దేవుడి వాటా ఏమీ లేదా అని మీరు అడుగుతారు. మనుషుల లెక్కంతా తీసిన తరువాత కూడా కొంత మిగులుతుంది. అదే వయసులో, అదే రక్తపోటుతో, అదే రాత్రి అదే నీళ్ళలో నిలబడిన ఇంకొకరికి ఏమీ కాలేదు, మీ నాన్నగారికి అయింది. ఎందుకన్నదానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవారిని నేను నమ్మను. అక్కడ మీరు దేవుడి మీద కోప్పడవచ్చు, ఏడవవచ్చు, దండం పెట్టుకోవచ్చు. అరణ్యవాసంలో ద్రౌపది విధాతను నిందించింది, బొమ్మలతో ఆడే పిల్లవాడిలా మనుషులతో ఆడుతున్నాడని అంది. అది నాస్తికుల మాట అని ధర్మరాజు మందలించాడే గాని ఆమెను వెలివేయలేదు. పైగా ఆ కోపం వెళ్ళగక్కిన ద్రౌపదే ఆ వెంటనే, విధిని నమ్మి కూర్చోకుండా మనిషి ప్రయత్నం చేయాలని భర్తకు బోధించింది. మీ తమ్ముడికి దేవుడి మీద నమ్మకం పోయిందని అమ్మ బాధపడుతుంటే ఈ కథ గుర్తుచేయండి.

దేవుడి మీద భారం వేసే మనిషి పనిచేయడని నేను అనడం లేదు. మీ ఎదురింటి ఖాలాను చూడండి. ఆమె కూడా "అల్లాహ్ మర్జీ" అనే ఉంటుంది, మన పాత బస్తీ పరిసరాల్లో ఆ మాట రాని నోరు లేదు. అయినా ఆ రాత్రి తాడు తెచ్చింది.

ఇప్పుడు మీ ముందున్న అసలు ప్రశ్న, ఇల్లు అమ్మడం. ఇంతవరకు జరిగినవాటిలో మీ కుటుంబం బాధ్యత చాలా తక్కువ. నీళ్ళ సంగతి దాచి ఆ ఇల్లు అమ్మితే, ఇకమీదట జరిగేదానిలో మీ బాధ్యత పూర్తి. 1998లో నాన్నగారికి తెలియదు, ఈ రోజు మీ తమ్ముడికి తెలుసు. ఏప్రిల్‌లో ఇల్లు చూపించి, గోడల మీద నీటి చార కనబడకుండా రంగు వేయించి అమ్మితే, అతను తండ్రిని మోసగించిన మనిషి పనే చేస్తున్నాడు. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని వెల్లడించి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతోంది కనుక, చట్టం దృష్టిలోనూ అది మోసమే. కొనేవారు తరువాత కోర్టుకు వెళితే ఆ తలనొప్పి మీ ఇద్దరిదీ. నీళ్ళు వచ్చిన సంగతి కాగితం మీద రాసి, చెప్పే అమ్మండి. ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అమ్మే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది. మీ సర్వే నంబరు చెరువు పూర్తి నీటిమట్టం లోపల ఉందా, చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదలవలసిన బఫర్‌లో ఉందా, బయట ఉందా అనేది చూడాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ముప్పై మీటర్లు, అంతకంటే చిన్నదానికి తొమ్మిది మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నియమాలు చెబుతున్నాయి. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చెరువుల పటాలను తన వెబ్‌సైటులో పెట్టింది. అక్కడ స్పష్టంగా తెలియకపోతే, లేఅవుటుకు ఎవరు ఎప్పుడు అనుమతి ఇచ్చారో, నాలా అసలు వెడల్పు రికార్డుల్లో ఎంత ఉందో కలిపి సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ తమ్ముడికి కోపం ఎలాగూ ఉంది, దరఖాస్తు అతని చేతే రాయించండి. ఎదురింటి ఖాలా కొడుకులను కూడా సంతకం పెట్టమనండి, వాళ్ళ ఇల్లూ ఆ నీళ్ళ దారిలోనే ఉంది కదా.